మోకుకు మోటారు ఎందుకు రాలేదు?

పొలంలోకి ట్రాక్టరు వచ్చింది. బావికి మోటారు వచ్చింది. అరవై డెబ్బై అడుగుల తాటిచెట్టును పూటపూటా ఎక్కిదిగే గీత కార్మికునికి మాత్రం నేటికీ మోకు, ముస్తాదు, తన కండబలమే ఆధారం. ఈ వెనుకబాటుకు కారణం సాంకేతిక విజ్ఞానంలో వెతికితే దొరకదు. ఎవరి ప్రాణానికి ఎంత విలువ కట్టాలో నిర్ణయించే కుల వ్యవస్థలో వెతకాలి.

తాడు పట్టుకుని మనిషిని పైకి లాగే యంత్రం ఊహకందనిదేమీ కాదు. విదేశాల్లో చెట్ల కొమ్మలు నరికే నిపుణులు ఇంజనుతోనో, బ్యాటరీతోనో నడిచే పరికరాలు వాడుతున్నారు. డ్రిల్లింగ్ మిషన్ మోటారుకు గేర్లు, కప్పీ అమర్చి ఇంట్లోనే తయారుచేసుకునేవారూ ఉన్నారు. గేర్లు వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతాయి. కప్పీ తాడును బిగించి పట్టి పైకి కదులుతుంది. మోటారు ఆగినా మనిషి జారకుండా మరో పట్టు కాపాడుతుంది.

అయితే ఆ యంత్రాన్ని తెచ్చి తాటివనంలో పెడితే పనిచేయదు. కొమ్మలున్న చెట్టుకు కింద నుంచే తాడు విసిరి తగిలించవచ్చు. తాటికి కొమ్మలుండవు, తాడు కట్టడానికైనా ఎవరో ఒకరు ముందు ఎక్కాలి. కట్టి వదిలేసిన తాడు ఎండకూ వానకూ పాడవుతుంది. రోజూ అనేక చెట్లు ఎక్కే మనిషి ఆ యంత్రం బరువును చెట్టు నుంచి చెట్టుకు మోయాలి. పైకి చేరాక గెల గీయడానికి, లొట్టి మార్చడానికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఈ షరతులన్నీ అనుభవంతో తెలిసినవాడు గీత కార్మికుడే. మన ప్రయోగశాలలు అతన్ని లబ్ధిదారుగా చూస్తాయి తప్ప నిపుణుడిగా గుర్తించవు.

చెట్టెక్కే యంత్రాల చరిత్ర మరో చేదు నిజం చెబుతుంది. కేరళలో చెట్టెక్కే కులాల పిల్లలు చదువుకుని ఆ వృత్తికి దూరమయ్యాక, కొబ్బరి తోటలకు కూలీల కొరత వచ్చాకే యంత్రాలకు ఆదరణ పెరిగింది. కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో యువతకు యంత్రాలతో చెట్టెక్కే శిక్షణ ప్రారంభించింది. దక్షిణ కన్నడకు చెందిన రైతు గణపతి భట్ రూపొందించిన, పోక చెట్టెక్కే ఇంజను బండి 2019లో దేశమంతటా వార్త అయింది. దానికీ ప్రేరణ కూలీల కొరతే. ఎక్కేవాడు పడి చనిపోయినప్పుడు గుర్తురాని యంత్రం, ఎక్కేవాడు దొరకనప్పుడు గుర్తొచ్చింది.

దీనికి భిన్నమైన దారి మన కళ్లముందే ఉంది. ఆలేరు ప్రాంతపు నేత కార్మికుడు చింతకింది మల్లేశం, చీర చీరకూ వేలసార్లు చేయి ఆడించి ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూసి, 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేశారు. ఆయనకు ఇంజనీరింగ్ పట్టా లేదు. 2017లో పద్మశ్రీ వచ్చింది. శ్రమించే కుటుంబం బాధను కొలమానంగా తీసుకున్నందువల్లే ఆ యంత్రం నిలిచింది.

తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో 'కాటమయ్య రక్షణ కవచం' పేరిట భద్రతా కిట్ల పంపిణీ ప్రారంభించింది. జారిన మనిషిని నేలకు పడకుండా ఆపే ఏర్పాటును స్వాగతించాల్సిందే. కానీ ఎక్కే శ్రమ అలాగే ఉంది. పైగా కులదైవం పేరుతో అందినది కానుకగా కనిపిస్తుంది. పనిచోట ప్రాణరక్షణ కార్మికుని హక్కు. అది కులానికి చేసే సాయం కాదు.

కులం శ్రమను మాత్రమే కాక శ్రామికులనే విభజిస్తుందని అంబేద్కర్ 1936లోనే హెచ్చరించారు. యంత్రం వచ్చినంత మాత్రాన ఆ విభజన చెరగదు. ధనవంతుడు యంత్రం కొని తాటివనాన్ని గుత్తకు పట్టుకుంటే గీత కార్మికుడు చెట్టునూ కోల్పోతాడు. 'కులవృత్తి సులువైంది కదా' అంటూ అతని పిల్లలను మళ్లీ చెట్టుకే కట్టేస్తే అదీ అన్యాయమే.

కనుక విశ్వవిద్యాలయాలు గీత కార్మికులను సహ పరిశోధకులుగా, వేతనమిచ్చి చేర్చుకోవాలి. ప్రతి పరికరాన్నీ ముందుగా ఇసుక బస్తాల బరువుతో పరీక్షించాకే మనిషిని ఎక్కించాలి. యంత్రాలు గీత సహకార సంఘాల ఆస్తిగా ఉండాలి. పేటెంటు వస్తే అందులో వారికి వాటా దక్కాలి. చెట్టు దిగి వేరే బతుకు వెతుక్కునే యువతకు చదువు, ఉపాధి అంతే గట్టిగా అందాలి. ఎక్కాలా వద్దా అన్నది పుట్టుక కాక మనిషి నిర్ణయించుకున్న రోజునే మోకుకు మోటారు వచ్చినట్టు.