మూసిన ట్యాంకు, దాచిన తప్పు



విమానము అనగానే పెద్ద కర్మాగారములు, వందలాది ఇంజనీర్లు మన తలపునకు వస్తారు. కాని అమెరికాలో వేలాదిమంది మామూలు గృహస్థులు సాయంత్రములందును సెలవు దినములందును తమ ఇంటి షెడ్డులోనే చిన్న విమానములు కట్టుకొనుచున్నారు. సగమునకు మించిన పని సొంతముగా చేసినవారికి అక్కడి చట్టము ఈ అనుమతి ఇస్తుంది. ఎగురక ముందు పరీక్ష జరిపి పత్రము ఇస్తారు. 1953లో పాల్ పోబరెజ్నీ స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇటువంటి వారికి తోడుగా నిలుస్తున్నది. ఈ నెల మనము అట్టి విమానములోని ఒక్క భాగమును చూద్దాము. అది పెట్రోలు ట్యాంకు.

రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ 1973లో ప్రారంభించిన వ్యాన్స్ సంస్థవారి ఆర్.వి.-7 విమానములో ట్యాంకులు రెక్కల ముందు అంచులోనే ఉంటాయి. ఒక్కొక్క దానిలో సుమారు 80 లీటర్లు పడుతుంది. పలుచని అల్యూమినియము రేకులను రివెట్లతో బిగించి, ప్రతి అతుకునకు, ప్రతి రివెట్టునకు జిగురువంటి సీలెంటు పూయాలి. రెండు పదార్థములు కలిపి చేయు ఆ సీలెంటు కొంతసేపటికే గట్టిపడుతుంది గనుక చేతులు తొందరపడతాయి. చివరకు వెనుక రేకు అమర్చి మూసివేసిన తరువాత లోపల ఏమున్నదో కంటికి కనబడదు.

ఆ తొందరలోనే తప్పు దొర్లుతుంది. ఒక మూల సీలెంటు అందకపోవచ్చు. అది కారుట వలన బయటపడుతుంది. ఇంజనుకు పెట్రోలు అందించు గొట్టపు నట్టు సరిగా బిగియకపోతే అంతకంటె ప్రమాదము. ఆ వదులులోనుండి గొట్టము గాలి పీల్చుకొనవచ్చును. అప్పుడు ట్యాంకులో ఇంకను పెట్రోలు ఉండగానే ఇంజను ఆగిపోతుంది!

మన ఊళ్లలో ట్యాంకు కారితే సబ్బు ముక్క రుద్ది ఆ పూటకు పని గడుపుకొంటాము. బండి ఆగితే దిగి నడువవచ్చును. ఆకాశములో ఆగితే ఏమి చేయగలము? అందుచేత తెలిసినవారు పై పూతను నమ్ముకొనరు. ట్యాంకును రెక్కనుండి విప్పుతారు. పెట్రోలు పోసియుంటే ముందుగా ఖాళీ చేసి, ఆవిరి పోవువరకు గాలి ఆడనిస్తారు. ఒక్క నిప్పురవ్వ చాలును గదా! పిమ్మట తాము శ్రమపడి మూసిన వెనుక రేకులోనే చేయి పట్టునంత రంధ్రము కోస్తారు. నట్టు బిగించి, పాత సీలెంటు గీకి, శుభ్రపరచి, లోపలి వైపున క్రొత్తది పూస్తారు. లోహపు పొడి రవ్వంతయు మిగులకుండ తుడిచి, రంధ్రమునకు మూత బిగించి సీలు చేస్తారు.

అంతటితో పని ముగియదు. ట్యాంకులోనికి చాలా కొద్దిపాటి గాలి ఎక్కించి, గొట్టము మూతికి బెలూను కట్టి, అతుకులమీద సబ్బు నీళ్లు రాస్తారు. సైకిలు ట్యూబును నీళ్ల బేసినులో ముంచి చూచినట్లే, బుడగ లేచినచోట లోపమున్నది. గాలి ఎక్కువైతే ట్యాంకే పాడైపోతుంది. సంఘములోని అనుభవజ్ఞులు కూడ షెడ్డుకు వచ్చి, కట్టినవాని కంటికి ఆననిది చూచి చెప్పుతారు.

తెలిసిన లోపమును ఉండనిచ్చుట ఎంత ప్రమాదమో ఒక సంగతి చెప్పుతుంది. ప్రసిద్ధ గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియా తీరమున సముద్రములో కూలి మరణించెను. అతడు నడిపినది వేరొకరు ఇంట కట్టిన విమానము. ఒక ట్యాంకునుండి మరియొక దానికి మార్చు పిడిని, నమూనాలో ఉన్నచోట గాక, నడుపువాని ఎడమ భుజము వెనుక అమర్చిరి. అది చేతికి సరిగా అందదని ఎగురక ముందే అతనికి తెలుసు. దానిని త్రిప్పబోవుచు విమానముపై అదుపు తప్పెనని దర్యాప్తులో తేలింది.

మన గృహములలో మూసిన ట్యాంకులు లేవా? భార్యకు చెప్పకుండ పొలము కాగితములు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు, తండ్రికి భయపడి పిల్లవాడు దాచిన పరీక్ష ఫలితము, గట్టు తగాదాతో అన్నదమ్ముల మధ్య నిలిచిన మౌనము. ఆదివారము తెల్లబట్టలు కట్టుకొని ఆరాధనకు వస్తాము. పైకి అంతా బాగున్నట్లే ఉంటుంది. అది సబ్బు పూత! వడ్డీ పెరిగి అప్పులవాడు గుమ్మములో నిలిచిన దినమున అది ఆగదు.

కోయవలసిన రంధ్రము బాధాకరమే. అయినను నేలమీద ఉండగానే కోయుట మేలు. భార్యాభర్తలారా, కోపపు ఆవిరి పోయిన తరువాత కూర్చుండి మాటలాడుకొనండి. తలిదండ్రులారా, బిడ్డను అడుగునప్పుడు ఒత్తిడి కొద్దిగానే పెట్టండి. కేకలు వేస్తే బయటపడవలసినది మరింత లోపలికి పోతుంది. నాతాను ప్రవక్త దావీదు రాజునొద్దకు వచ్చినట్లు, మన లోపము చెప్పు స్నేహితుడు వచ్చినప్పుడు తలుపు మూయవద్దు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో సామెతలు 28:13 చదివి, ఒక్కొక్కరు తమ హృదయమును ప్రభువు ఎదుట విప్పుదురుగాక. ఒప్పుకొన్నవారిని కనికరించు దేవుడు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.