ఒక్క సంతకం పెట్టరూ...!

కనుమ రోజు రాత్రి. హైస్కూలు గ్రౌండులో ఫ్లడ్‌లైట్లు వెలుగుతున్నాయి. కబడ్డీ ఫైనల్‌కి ఇంకా అరగంట ఉంది. పత్తి తీతలు చివరికొచ్చాయి, మిరప కోతలు ఇంకా ఊపందుకోలేదు కాబట్టి ఊరంతా అక్కడే ఉంది. మైకు పట్టుకున్నాయన గొంతు సవరించుకుని, ‘ఒకప్పుడు మన ఊరి జట్టుకు కెప్టెన్‌గా చేసి, కూతకు వెళ్తే పాయింటు లేకుండా తిరిగిరాని పెద్దాయన్ని వేదిక మీదకు ఆహ్వానిస్తున్నాం’ అంటాడు. అరవై దాటిన మనిషి తెల్ల పంచెతో మెట్లెక్కుతాడు. ఒక శాలువా, ఒక దండ, ఒక ప్లాస్టిక్‌ జ్ఞాపిక. ముఖ్య అతిథికి అటు ఒకరు, ఇటు నలుగురు నిలబడి ఫొటో దిగుతారు. తర్వాత అతిథిగారు ఇరవై నిమిషాలు మాట్లాడతారు. సన్మానం అందుకున్న మనిషికి ‘రెండే రెండు ముక్కల్లో’ అని మైకు ఇస్తారు. ఆయన ‘అందరికీ నమస్కారం’ అని దిగిపోతాడు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో పండగ పోటీలు చూసినవారికి ఇది తెలిసిన దృశ్యమే. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. గౌరవించాలన్న మనసు ఉండబట్టే కదా పిలిచారు! కానీ ఒక్కటి గమనించండి. ఆ గ్రౌండులో ఉన్న కుర్రాళ్లలో ఒక్కరూ ఆయన దగ్గరకొచ్చి ‘ఆ రోజుల్లో ఆ పట్టు ఎలా విడిపించుకునేవాళ్లు తాతా?’ అని అడగరు. ఆయనకీ చెప్పాలని ఉంటుంది. అడిగేవాళ్లేరీ?

ఇదే మనిషి అమెరికాలో బేస్‌బాల్‌ ఆటగాడై ఉంటే కథ వేరేలా ఉండేది.

అదేం పోలిక అనుకోకండి. ఇప్పుడు ఈ జిల్లాల్లో అమెరికాలో కొడుకో కూతురో లేని వీధి తక్కువ. ఆర్నెల్లు ఉండొద్దామని వెళ్లిన అమ్మానాన్నల్ని మనవలు ఏదో ఒక శనివారం బేస్‌బాల్‌ స్టేడియానికి తీసుకెళ్తారు. మొదటి గంట ఏమీ అర్థం కాదు. క్రికెట్‌ లాగానే ఉంటుంది, వికెట్లుండవు. బిళ్లంగోడులా కొట్టి పరిగెడతారు, బిళ్ల ఉండదు. కానీ ఆటకు ముందు అక్కడ జరిగే తంతు మాత్రం ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. ఎప్పుడో ముప్ఫై నలభై ఏళ్ల కిందట రిటైరైన ఆటగాడు ఒక బల్ల ముందు కూర్చుని ఉంటాడు. ఎదురుగా పెద్ద వరస. ఒక్కొక్కరూ తెల్ల బంతి అందిస్తారు. ఆయన సంతకం చేస్తాడు. తండ్రి తన కొడుకుతో ‘నేను నీ వయసులో ఉన్నప్పుడు ఈయన ఆట చూశాన్రా’ అంటాడు. ఆ ముసలాయన తలెత్తి ‘ఏ మ్యాచ్‌?’ అని అడుగుతాడు. అంతే... ఇద్దరూ కలిసి ఆ సాయంత్రాన్ని మళ్లీ ఆడేస్తారు. వెనకున్నవాళ్లు విసుక్కోరు. వాళ్ల వంతు వచ్చినప్పుడు వాళ్లకీ ఒక మ్యాచ్‌ ఉంది మరి!

బంతి మీద కూడా ఎక్కడ పడితే అక్కడ సంతకం చేయించుకోరు. కుట్లు రెండూ బాగా దగ్గరకొచ్చే చోట సన్నటి జాగా ఒకటుంటుంది. అక్కడ చేసిన సంతకానికే విలువ. న్యూయార్క్‌ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్‌ అని రెండు వేల మంది కూడా లేని ఊరుంది. 1939లో అక్కడ బేస్‌బాల్‌ హాల్‌ ఆఫ్‌ ఫేమ్‌ మ్యూజియం తెరిచారు. ఏటా కొత్తగా ఎంపికైన మాజీలకు అక్కడ సన్మానం చేస్తారు. మామూలుగా జులైలో జరిగే ఆ ఉత్సవానికి జనం పోటెత్తుతారు. కోటప్పకొండ తిరునాళ్ల చూసినవాళ్లకి ఆ సందడి ఊహించుకోవడం కష్టం కాదు. ప్రభలుండవు, అంతే. వీధి పొడవునా బల్లలు వేసుకుని పాతకాలం ఆటగాళ్లు సంతకాలు చేస్తూ కూర్చుంటారు.

ఊరికే కాదులెండి. చాలాచోట్ల సంతకానికి రేటుంటుంది. ‘అభిమానం దగ్గర డబ్బేంటి’ అని మనవాళ్లకి అనిపించొచ్చు. కానీ 1970ల నడుమ దాకా అక్కడి ఆటగాళ్లకు నచ్చిన జట్టుకు మారే స్వేచ్ఛే లేదు, జీతాలూ అంతంత మాత్రం. చలికాలం ఆటల్లేనప్పుడు దుకాణాల్లోనూ గోదాముల్లోనూ పనిచేసినవాళ్లు ఎందరో. అలాంటి మనిషికి డెబ్భై ఏళ్ల వయసులో తన చేతిరాత నాలుగు డబ్బులు తెస్తుంటే అందులో నామోషీ ఏముంది? శాలువా కన్నా అది నయం. శాలువాలు అమ్ముకోలేరు కదా.

డబ్బున్న చోట దొంగలూ ఉంటారు. 1990ల్లో దొంగ సంతకాల ముఠాల మీద అమెరికా ఎఫ్‌బీఐ పెద్ద ఎత్తున దాడులు చేసింది. దొరికిన బంతుల్లో మదర్‌ థెరిసా సంతకం ఉన్నవీ ఉన్నాయి! ఆ తల్లి బేస్‌బాల్‌ ఎప్పుడు ఆడిందో ఆ ముఠాకే తెలియాలి.

డబ్బుతో పనిలేని గౌరవాలు కూడా ఆ ఆటలో ఉన్నాయి. 1939 జులై 4న న్యూయార్క్‌ యాంకీస్‌ జట్టు లూ గెరిగ్‌ కోసం ఒక రోజంతా కేటాయించింది. అప్పటికే నయంకాని జబ్బుతో ఆట మానేసిన మనిషి ఆయన. ఆయన తొడుక్కున్న 4వ నంబరు చొక్కా ఇంకెవరికీ ఇవ్వబోమని ప్రకటించింది. బేస్‌బాల్‌లో అలా పక్కన పెట్టిన మొదటి నంబరు అదే. నల్లజాతివారికి పెద్ద లీగుల తలుపులు మూసేసిన కాలంలో 1947 ఏప్రిల్‌ 15న జాకీ రాబిన్సన్‌ మైదానంలోకి దిగాడు. సరిగ్గా యాభై ఏళ్లకు, 1997లో, ఆయన 42వ నంబరును అన్ని జట్లూ పక్కన పెట్టాయి. ఇప్పుడు ఏటా ఏప్రిల్‌ 15న మాత్రం ప్రతి ఆటగాడూ ఆ నంబరే తొడుక్కుని ఆడతాడు. ఆ రోజు స్టేడియంలో ఎవరు ఎవరో వీపు చూసి చెప్పడం కష్టం.

మరి మనవాళ్లు ఏమీ చేయలేదా? చేశారు. ఒకసారైతే అమెరికా వాళ్లకి కూడా తట్టని పని చేశారు.

సి.కె.నాయుడు పేరు వినని తెలుగువారుండరు. పూర్వీకులది మచిలీపట్నం. ఆయన 1895లో నాగపూర్‌లో పుట్టారు. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లండ్‌ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు మీద రెండు గంటలైనా గడవకముందే 153 పరుగులు బాదారు. అందులో పదకొండు సిక్సర్లు! ఆ దెబ్బలు తిన్న జట్టే ఆయనకు వెండి బ్యాటు బహూకరించింది. 1932లో లార్డ్స్‌లో భారత జట్టు మొదటి టెస్టుకు ఆయనే కెప్టెన్‌. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. అసలు సంగతి తర్వాత జరిగింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో అడుగుపెట్టింది. కొత్త రాష్ట్రం, కొత్త జట్టు. కెప్టెన్‌ ఎవరు? 58 ఏళ్ల సి.కె.నాయుడు! మామూలుగా ఆ వయసు మనిషిని పిలిస్తే శాలువా కప్పి కుర్చీలో కూర్చోబెడతాం. వీళ్లు బ్యాటు ఇచ్చి మైదానంలోకి పంపారు. తాతల వయసున్న కెప్టెన్‌ పక్కన నిలబడి ఆడిన కుర్రాళ్లకు అంతకన్నా పెద్ద సంతకం ఏముంటుంది! ఆయన కూడా అక్కడితో ఆగలేదు. 1956-57 సీజన్‌లో, 62వ ఏట, ఉత్తరప్రదేశ్‌ తరఫున రంజీ ఆడారు. 1994 నుంచి క్రికెట్‌ బోర్డు ఆయన పేరు మీద జీవనసాఫల్య పురస్కారం ఇస్తోంది. మంచిదే. కానీ బతికుండగా ఆంధ్ర జట్టు ఇచ్చిన ఆ కెప్టెన్సీ ముందు ఏ పురస్కారమైనా కాస్త చిన్నదే.

గౌరవించడానికి సభే పెట్టాలనేముంది? సునీల్‌ గవాస్కర్‌ తన కొడుక్కి రోహన్‌ జైవిశ్వ అని పేరు పెట్టుకున్నాడు. రోహన్‌ కన్హాయ్‌, మన హైదరాబాదీ ఎం.ఎల్‌.జైసింహ, గుండప్ప విశ్వనాథ్‌... ముగ్గురూ ఆ ఒక్క పేరులో ఉన్నారు. అదే గవాస్కర్‌ 2023 మే 14న చెన్నై చెపాక్‌ మైదానంలో ధోనీ దగ్గరకు పరుగున వెళ్లి తన చొక్కా మీద సంతకం చేయించుకున్నాడు. పది వేల టెస్టు పరుగులు మొట్టమొదట చేసిన మనిషి, 73 ఏళ్ల వయసులో, చిన్నపిల్లాడిలా ఛాతీ చూపిస్తూ నిలబడితే చూసినవాళ్లకు నవ్వూ వచ్చింది, కళ్లూ చెమర్చాయి. ఆ నెలాఖరులోనే అహ్మదాబాద్‌లో ఐపీఎల్‌ ఫైనల్‌ గెలిచాక ధోనీ ట్రోఫీ అందుకోవడానికి తానొక్కడే వెళ్లలేదు. జడేజాతో పాటు మన గుంటూరులో పుట్టిన అంబటి రాయుడినీ ముందుకు పిలిచి వాళ్ల చేతుల మీదుగా అందుకునేలా చేశాడు. రాయుడికి అదే ఆఖరి ఐపీఎల్‌ మ్యాచ్‌. వేదిక మీద మాట ఒక్కటీ అక్కర్లేకపోయింది.

అన్నట్టు, గుంటూరు ఇచ్చిన ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఆడే చదరంగంలో సంతకం ఆటలో భాగమే. గేమ్‌ ముగిశాక ఎత్తులు రాసిన కాగితాల మీద ఇద్దరూ సంతకాలు చేసుకోవాలి. ఓడినవాడు కూడా! 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్‌ ఒలింపియాడ్‌లో భారత పురుషుల, మహిళల జట్లు రెండూ స్వర్ణం గెలిచాయి. ఆ జట్లలో వీళ్లిద్దరూ ఉన్నారు.

పేర్లు పెట్టే విషయంలోనూ మనం వెనకబడిలేం. చిక్కల్లా పేరు మిగిలి, మనిషి జారిపోవడంతోనే. విజయవాడలో దండమూడి రాజగోపాలరావు ఇండోర్‌ స్టేడియం తెలియనివారుండరు. మాట్లాడేటప్పుడు ‘డీఆర్‌ఆర్‌ స్టేడియం’ అనేస్తారు. ఆ మూడక్షరాల వెనక 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పతకం తెచ్చిన బరువులెత్తే వీరుడున్నాడని, 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో భీముడు ఆయనేనని అక్కడ షటిల్‌ ఆడే పిల్లల్లో ఎందరికి తెలుసు? అందుకే విశాఖ స్టేడియంలో 2025 అక్టోబరు 12న జరిగినది బాగుంది. మహిళల ప్రపంచకప్‌లో భారత్‌, ఆస్ట్రేలియా మ్యాచ్‌కు ముందు మిథాలీ రాజ్‌, రావి కల్పన పేర్లు అక్కడ పెట్టారు. ఇద్దరూ వచ్చి స్వయంగా చూసుకున్నారు. కల్పన ఆడినవి కొద్ది వన్డేలే. అయితేనేం, ఆమె ఉండగానే, ఆమె కళ్లముందే ఆ పేరు గోడకెక్కింది.

ఇవన్నీ పెద్ద ఆటలు, పెద్ద పేర్లు. మళ్లీ ఆ కనుమ రాత్రి గ్రౌండుకొద్దాం.

ఈ నేల మీద ఒక చిత్రం ఉంది. బండలాగుడు పోటీల్లో గెలిచిన ఒంగోలు ఎడ్ల జత వయసుడిగినా ఆ రైతు వాటిని మరిచిపోడు. వరండాలో వాటి ఫొటో ఉంటుంది. పండక్కి దానికి దండ పడుతుంది. ఏ ఊళ్లో ఎన్ని అడుగులు లాగాయో ఇంటిల్లిపాదీ చెబుతారు. అదే ఊళ్లో చెడుగుడు, వాలీబాల్‌, బాల్‌ బ్యాడ్మింటన్‌ ఆడిన మనిషి ఎన్ని కప్పులు తెచ్చాడో సొంత మనవడికే తెలియదు. ఆ కప్పులు హైస్కూలు బీరువాలో మసకబారి ఉంటాయి, పేర్లు ఎక్కడా రాసి ఉండవు. ఆడినవాళ్లు ఒక్కొక్కరూ వెళ్లిపోతున్నారు. వాళ్లతోపాటే ఆ ఆటల లెక్కా పోతోంది.

ఆ పెద్దాయన జీవితంలో సంతకాలకేం తక్కువ లేదు. సొసైటీలో పంట అప్పుకి ఒకటి. ఎరువుల కొట్లో ఖాతాకి ఒకటి. వడ్డీ వ్యాపారికి రాసిచ్చిన ప్రోనోటు మీద ఒకటి. గుంటూరు యార్డులో మిరప టిక్కీలు దించి, కాటా అయ్యాక కాగితం మీద ఇంకొకటి. ఎప్పుడు పెన్ను పట్టినా బాకీ కోసమో ధర తగ్గినందుకో పట్టాడు. ఒక్క సంతకమైనా తను బాగా ఆడినందుకు పెట్టమని ఎవరూ అడగలేదు.

వచ్చే సంక్రాంతికి కమిటీలు పెద్ద ఖర్చేమీ పెట్టనక్కర్లేదు. వేదిక పక్కన ఒక బల్ల, నాలుగు కుర్చీలు. ఫైనల్‌కి గంట ముందు పాత ఆటగాళ్లను అక్కడ కూర్చోబెట్టి, ఏ ఏడు ఏ పోటీలో ఆడారో ఒక అట్ట మీద రాసిపెడితే చాలు. గెలిచిన జట్టుకిచ్చే బంతి మీద ముందు వాళ్లతో సంతకాలు చేయించొచ్చు. వాలీబాల్‌ అయితే జాగాకి కొదవే లేదు, ఊరి పాత జట్టంతా సరిపోతుంది. బాల్‌ బ్యాడ్మింటన్‌ పసుపు ఉన్ని బంతి మీద మాత్రం సిరా నిలవదు, దానికి బ్యాటు పిడి చూసుకోవాలి. ఆ ఆటలో 1970లో అర్జున అవార్డు తెచ్చిన జమ్మలమడక పిచ్చయ్య వరంగల్‌లో నూరేళ్లు దాటి బతికి, 2021 డిసెంబరులో కన్నుమూశారు. అంతకాలం పలకరిస్తే చెప్పేందుకు ఒక మనిషి ఉన్నాడన్నమాట.

పెన్ను పిల్లలే తెచ్చుకోవాలి. పెద్దాయన కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వస్తాడు కాబట్టి, ఎవరో ఒకరు పరిగెత్తి తేవాల్సి ఉంటుంది.