చట్టి అడుగున ఎవరి పేరు?

మా వంటింట్లో ఏ స్టీలు గిన్నె తీసినా ఎవరో ఒకరి పేరు ఉంటుంది. మా అత్తగారిది, మా అమ్మది, గృహప్రవేశానికి ఇచ్చిన పిన్నిది, తేదీతో సహా. సామాన్ల కొట్లో కుర్రాడు చిన్న మిషన్‌తో గరగరమని పేరు కొట్టి ఇచ్చేవాడు. పక్కింటికి కూర పంపిన గిన్నె తిరిగి రావాలంటే ఆ పేరే దిక్కు. మీ ఇంట్లోనూ ఇంతే కదా? ఇచ్చినవాళ్ల పేరుంది, పుచ్చుకున్నవాళ్ల పేరుంది. చేసినవాళ్ల పేరు లేదని ఇన్నేళ్లలో నాకు ఒక్కసారీ తట్టలేదు.

తట్టించింది మా అమ్మాయి కొన్న కాఫీ కప్పు. చేత్తో చేసిన మట్టి కప్పట, తొమ్మిది వందలు! నేను గుండె పట్టుకుంటే, "అడుగు చూడమ్మా" అంది. తిరగేశాను. అడుగున గరుకు వలయం, దాని మధ్యలో మట్టిలోకి దిగిన రెండు అక్షరాలు. పూత ఉంటే కాల్చేటప్పుడు కింద పలకకి అతుక్కుపోతుందని అడుగు వట్టిగా వదిలేస్తారట, గుర్తు అక్కడే వేస్తారట. మట్టి సగం ఆరినప్పుడు ముద్ర నొక్కేవాళ్లు కొందరు, పుల్లతో సంతకం గీసేవాళ్లు కొందరు, కుంచెతో రాసేవాళ్లు కొందరు.

అప్పట్నుంచి నాకు అడుగులు చూసే జబ్బు పట్టుకుంది. ఒక్కో ముద్ర వెనక ఒక్కో లెక్క ఉంది. ఇంగ్లండులో సెయింట్ ఐవ్స్ అనే ఊళ్లో బెర్నార్డ్ లీచ్ 1920లో కుండల పని మొదలుపెట్టాడు. అక్కడి వాటి మీద 'ఎస్ ఐ' అని ఊరి ముద్ర ఉంటుంది. పక్కన 'బి ఎల్' కూడా ఉంటే ఆయన స్వయంగా చేసింది. ఊరి ముద్ర ఒక్కటే ఉంటే, మామూలుగా అక్కడి పనివాళ్లు చేసింది. ధరలో తేడా నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన చలికాలం విశాఖ నుంచి రైల్లో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అరకు వెళ్లాం. సంతలో ఒకావిడ చట్టీలు పెట్టుకుని కూర్చుంది. చేపల పులుసుకి బావుంటుందని ఒకటి తీశాను. నూట యాభై చెప్పింది, నూట ఇరవైకి దింపాను. అలవాటు కొద్దీ తిరగేశాను. ఏమీ లేదు. "ఎవరు చేశారమ్మా?" అంటే నవ్వింది. ఒడియా కలిసిన తెలుగులో చెప్పింది: చక్రం ఆయన తిప్పుతాడు, మట్టి తెచ్చి, రాళ్లు ఏరి, తొక్కి, ఆరాక రాయితో నున్నగా రుద్దేది తనే. మరి ముద్ర వేయాల్సొస్తే ఎవరి పేరు వేస్తారు? ఆయనదేగా!

"పేరు వేస్తే రేటు పెంచుతారు, నీకే నష్టం" అన్నారు మా ఆయన. ఆయన చేతిలో అరకు కాఫీ పొట్లం ఉంది. పొట్లం మీద ఆ కొండల పేరు ఉందనే కదా నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టింది! అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాఫీకి పేరుండొచ్చు, చట్టికి ఉండకూడదా?

పేరు లేకపోవడమే గొప్ప అనేవాళ్లూ ఉన్నారు. జపాన్‌లో షోజి హమాదా అనే పెద్దాయన కుండల మీద సంతకం మానేశాడని చెబుతారు. నిజమే. కానీ ఆ కుండ పెట్టి ఇచ్చే చెక్కపెట్టె మీద సంతకం చేసేవాడు! పేరున్న మనిషి దాన్ని పక్కన పెట్టడం వేరు, అసలు ఎవరూ అడక్కపోవడం వేరు.

నాకు నచ్చిన కథ అమెరికాలోది. న్యూ మెక్సికోలో శాన్ ఇల్డెఫాన్సో అనే ఆదివాసీ ఊరి ఆవిడ, మరియా మార్టినెజ్. కుండ చేత్తో ఎత్తి నునుపు చేసేది ఆవిడ, బొమ్మలు వేసేది భర్త జూలియన్. మొదట్లో వాళ్ల కుండల మీద పేరే లేదు. 1920ల్లో సంతకం మొదలైంది, తర్వాత భార్యాభర్తలిద్దరి పేర్లూ వచ్చాయి. 1943లో జూలియన్ పోయాక బొమ్మలు వేసే పని కోడలు సాంటానా అందుకుంది. దాంతో అత్తాకోడళ్ల పేర్లు ఒకే కుండ అడుగుకి చేరాయి. (మన సీరియళ్ల వాళ్లకి ఎవరైనా చెప్పండి.) తన పేరుంటే ధర వస్తుందని ఊళ్లో వేరే ఆడవాళ్ల కుండల మీద కూడా ఆవిడ సంతకం పెట్టిందట. వస్తువులు సేకరించేవాళ్లకి అది తలనొప్పే. నాకు మాత్రం తప్పు అనిపించలేదు, పక్కింటామెకి నాలుగు డబ్బులు రావాలనుకుంది.

పేరు వేసుకోవాలా వద్దా అన్నది చేసేవాళ్ల ఇష్టం. వేస్తే మాత్రం ఇద్దరివీ వేయాలి. వంట చట్టికి అడుగున వేస్తే మసిలో పోతుంది కాబట్టి మెడ కింద వేయాలి. పచ్చిమట్టి మీద పుల్లతో గీస్తే పైసా ఖర్చు లేదు.

మా చట్టి అడుగు ఇప్పటికే నల్లబడింది. పులుసు మాత్రం అమృతం. వడ్డించినప్పుడల్లా చుట్టాలు ఎక్కడ కొన్నావని అడుగుతారు. అరకు అంటాను. ఎవరి దగ్గర అంటే చెప్పలేను. ముప్పై రూపాయలు తగ్గించుకున్న హుషారులో ఆవిడ పేరు అడగడం మర్చిపోయాను. పండగ సెలవులకి మళ్లీ వెళ్దామంటోంది అమ్మాయి. ఈసారి పేరు అడిగాకే ధర అడుగుతాను.