ఆవకాయ వెళ్తుంది, సిరా వెళ్లదు

మా పిన్నికి డెబ్బై ఎనిమిదేళ్లు. రాజమండ్రిలో ముప్ఫై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పింది. బాబాయి పోయాక కొడుకు దగ్గరికి, అమెరికాలోని మినియాపొలిస్‌కు వెళ్లిపోయింది. వాట్సాప్‌లో రోజూ కనిపిస్తూనే ఉంటుంది. అయినా నెలకో ఉత్తరం రాస్తుంది, అదీ ఇంకు పెన్నుతోనే. ఆ పెన్ను రాజమండ్రిలో లేతు మీద తిప్పి చేసిన నల్లటి ఎబోనైటుది. పాళీ ఆవిడ చేతివాటానికి తగ్గట్టు అరిగిపోయింది. వేరేవాళ్లు పట్టుకుంటే కాగితాన్ని గీరుతుంది.

పోయిన జూలైలో ఫోన్ చేసి, "నాన్నా, నా బ్రిల్ సిరా అడుక్కి వచ్చేసిందిరా. రాయల్ బ్లూ. రెండు సీసాలు పంపించు. ఇక్కడ కొన్నవి మంచివేగానీ, వాటితో రాస్తే నా అక్షరాలు నావి కానట్టుంటున్నాయి" అంది.

రెండూ కలిపి వంద రూపాయల సరుకు. ఎంతసేపటి పని అనుకున్నాను. ఎనిమిది నెలలైంది. ఆ సీసాలు ఇంకా నా బీరువాలోనే ఉన్నాయి.

మొదట వెళ్లిన తపాలా కౌంటరులో "లోపలేముందండీ?" అని అడిగారు. సిరా అన్నాను. "లిక్విడ్ వెళ్లదండీ" అన్నారు. ఇది నీళ్లలో రంగు కలిపిన సిరా, అంటుకునేది కాదు అని చెప్పబోయాను. ఆయన ఒక లిస్టు తిప్పి చూపించారు. అందులో ఇంక్ అని ఉంది. ఏ రకం ఇంకు అన్నది లేదు. వెనక ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు. ఆయన్ను తప్పుపట్టను. చేతిలో ఉన్న కాగితం ఏం చెబితే అదే చెప్పారు.

రెండో కౌంటరులో తీసుకున్నారు. ఫారం నింపించారు, తూకం వేశారు, రసీదు ఇచ్చారు. మూడు వారాలకు పార్సిల్ తిరిగి మా గుమ్మంలోకి వచ్చింది. నిషిద్ధ వస్తువు అని పైన ముద్ర. కట్టిన ఛార్జీ తిరిగి రాలేదు. మూడో చోటు ఒక కొరియర్ దుకాణం. సరుకులో ఏమేం కలిపారో తయారీదారు రాసిచ్చే భద్రతా పత్రం, అంటే ఎంఎస్‌డీఎస్, తెమ్మన్నారు. తెచ్చినా రెండు సీసాలకు దాదాపు మూడు వేలు అవుతుందన్నారు. నేను అక్కడ నిలబడి ఉండగానే పక్కన ఒక కుటుంబం ఆవకాయ కట్టిస్తోంది. ఆరు కిలోలు. కుర్రాడు పచ్చడిని దళసరి కవర్లలో పోసి, గాలి తీసి అంటించి, దాని మీద ఇంకో కవరు, దాని మీద టేపు వేస్తున్నాడు. ఎంత శ్రద్ధగా చేస్తున్నాడో! ఒక్క నూనె చుక్క బయటికి రాదు. డల్లాస్‌కు అట. ఏ ప్రశ్నా లేదు.

ఆవకాయ వెళ్లాలి. వెళ్లడం నాకెంతో సంతోషం. కానీ నూనె తేలే పచ్చడిని భద్రంగా దేశాలు దాటించే విద్య మనకు చేతనైనప్పుడు, అరవై మిల్లీలీటర్ల సిరా దగ్గర ఎందుకు ఆగిపోతున్నాం?

తప్పంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఇంకు అంటే ఒకటి కాదు. అచ్చు యంత్రాల్లో వాడే ఇంకుల్లో చాలావాటిలో ద్రావకాలు ఉంటాయి, అవి మండుతాయి. ప్రమాదకర సరుకుల అంతర్జాతీయ జాబితాలో మండే అచ్చు ఇంకుకు 1210 అని సొంత నంబరు ఉంది. 60 డిగ్రీల సెల్సియస్‌లోపు వేడికే ఆవిరై నిప్పందుకునే ద్రవాలను సాధారణంగా మూడో తరగతిలో, మండే ద్రవాల కింద వేస్తారు. ఫౌంటెన్ పెన్ను సిరా సంగతి వేరు. అందులో చాలా భాగం నీళ్లే. మిగతాది రంగు, పాళీ దగ్గర ఎండిపోకుండా కొంచెం గ్లైకాల్ లాంటిది, బూజు పట్టకుండా చిటికెడు మందు. దానికి అగ్గిపుల్ల చూపిస్తే అగ్గిపుల్లే ఆరిపోతుంది. పూర్వం కరక్కాయ, అన్నభేది కలిపి కాచిన సిరాలకు పులుపుగుణం ఉండేది, ఇనుము పాళీలను తినేసేవి. అవి కూడా మండేవి కావు. ఈ తేడా తెలిసినవాళ్లు రాయాల్సిన నియమం, పేరు చూసి తలుపు మూసే నియమంగా కౌంటరు దాకా దిగింది.

భయానికి కారణం లేదని నేననను. 2010 సెప్టెంబరులో దుబాయ్ దగ్గర ఒక సరుకుల విమానం గాలిలో మంటలంటుకుని కూలింది. అందులో వేలకొద్దీ లిథియం బ్యాటరీలున్నాయి. పైలట్లిద్దరూ చనిపోయారు. విమానంలోకి ఎక్కే ప్రతి పెట్టెనూ అనుమానంగా చూడటం వాళ్ల ప్రాణాల విలువ తెలిసినవాళ్లు చేసే పని. కానీ విమానాశ్రయంలో ప్రయాణికుడు 100 మిల్లీలీటర్లు దాటని సిరా సీసాను పారదర్శకమైన సంచిలో పెట్టుకుని, చేత పట్టుకుని లోపలికి వెళ్లొచ్చు. 2006లో లండన్‌లో విమానాలను పేల్చే కుట్ర బయటపడ్డాక ప్రపంచమంతా వచ్చిన ద్రవాల నియమమే దానికి చోటిచ్చింది. మూడు వందల మంది మనుషుల మధ్య కూర్చోగలిగిన సీసా, కింద సామాన్ల మధ్య ఎందుకు ప్రమాదమవుతుందో నాకెవరూ చెప్పలేదు.

సిరాను పంపడంలో నిజమైన కష్టాలు వేరే ఉన్నాయి. మంట గురించి కాదు, కారడం గురించి, పగలడం గురించి. విమానం పైకెగిరాక లోపలి గాలి ఒత్తిడి, ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతకు పడిపోతుంది. నేల మీది ఒత్తిడిలో ముప్పావు వంతు. సీసాలో సిరా పైన మిగిలిన గాలి అందుకు తగ్గట్టు మూడో వంతు ఉబ్బుతుంది. మూత వదులుగా ఉంటే తన దారి తాను చూసుకుంటుంది, వెంట సిరాను తీసుకెళ్తుంది. జేబులో సగం నింపిన పెన్నుతో విమానమెక్కి చొక్కా పాడు చేసుకున్నవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. పెన్ను నిండుగా ఉండాలి, లేదా ఖాళీగా ఉండాలి. సీసా కూడా అంతే, అంచు దాకా నింపితే ఉబ్బడానికి గాలి ఉండదు.

అయితే మినియాపొలిస్‌లో చలికాలం ఉంది. నీళ్లు గడ్డకట్టేటప్పుడు తొమ్మిది శాతం దాకా పెరుగుతాయి. నిండు సీసా రాత్రంతా వ్యానులోనో, ఇంటి బయట పోస్టు డబ్బాలోనో ఉండిపోతే గాజు పగులుతుంది. పైకెగిరే దారికి సీసా నిండుగా ఉండాలి, మంచు దారికి లోపల ఖాళీ ఉండాలి. రెండూ ఒకే పార్సిల్‌లో కుదరవు. అందుకే చలిదేశాల్లో సిరా అమ్మేవాళ్లలో కొందరు శీతాకాలంలో పంపడానికి జంకుతారు. 1864 నుంచి సిరాలు చేస్తున్న, ఇప్పుడు లివర్‌పూల్‌లో ఉన్న డయమైన్ సంస్థ 80 మిల్లీలీటర్ల గాజు సీసాతో పాటు 30 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా కూడా అమ్ముతుంది. టపాకు ఆ చిన్న సీసాయే మేలు. తేలిక, పగలదు, కారినా కొంచెమే కారుతుంది.

ఇప్పుడు నాకు కట్టడం వచ్చేసింది. మూత బిగించి చుట్టూ టేపు, అడ్డంగా ఇంకో టేపు. సీసాను జిప్ కవరులో పెట్టి గాలి నొక్కేయాలి, దాన్ని మళ్లీ ఇంకో కవరులో. లోపల పాత నూలు గుడ్డ ఒకటి, కారితే పీల్చుకోవడానికి. చుట్టూ బుడగల కవరు. ఆ తర్వాత పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. చప్పుడు వస్తే మళ్లీ మొదటికి. పచ్చళ్లు కట్టే ఆ కుర్రాడి చేతులు చూసే ఇందులో సగం నేర్చుకున్నాను.

నా పార్సిల్ తిరిగొచ్చిన కొద్ది రోజులకే దారి మొత్తం మూసుకుపోయింది. 800 డాలర్లలోపు సరుకుకు సుంకం లేకుండా అమెరికా ఇస్తున్న వెసులుబాటు 2025 ఆగస్టు 29తో పోయింది. ఆ సుంకం ఎవరు వసూలు చేయాలో, ఎలా కట్టాలో తేలక మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచే అక్కడికి సరుకుల టపాను ఆపేసింది. మళ్లీ మొదలైంది అక్టోబరు 15న. అప్పటికి మినియాపొలిస్‌లో మంచు ముంగిట్లోకి వచ్చేసింది. అటు నుంచి ఇటు కూడా సులువేం కాదు. విదేశాల నుంచి సుంకం లేకుండా వచ్చే కానుకలను 2019 డిసెంబరులో మన ప్రభుత్వం ఆపేసింది. ప్రాణాధార మందులకు, రాఖీలకు తప్ప. అభిమానంతో పంపిన సిరా సీసా కూడా పూర్తి సుంకం కట్టాకే చేతికొస్తుంది. కట్టడానికి నాకు అభ్యంతరం లేదు. ఎంత కట్టాలో ముందే తెలిస్తే చాలు.

ఇన్నింటిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఒక సలహా. "ఇంకు అని రాయకండి. స్టేషనరీ అనో గిఫ్టు అనో రాసేయండి, ఎవరూ చూడరు" అన్నాడొకాయన, నా మంచి కోరే. కస్టమ్స్ ఫారం మీద, సీఎన్ 22 అంటారు దాన్ని, కింద సంతకం పెట్టాలి. రాసింది నిజం, లోపల ప్రమాదకరమైనదేదీ లేదు అని. ఆ సంతకాన్ని అబద్ధం కింద పెట్టలేను. అదీ పిల్లల చేత అక్షరాలు దిద్దించిన పిన్నికి పంపే పార్సిల్ మీద. నేను రాసేది ఇదే: "రాసుకునే సిరా, నీళ్లతో చేసినది, మండదు, 60 మి.లీ., రెండు." కింద సుంకాల పట్టికలో సిరాలకున్న నంబరు, 3215. ఇంత వివరంగా నిజం రాసినవాడి పార్సిల్ తిరిగొచ్చి, దాచినవాడిది చేరిపోతుంటే ఆ నియమం ఎవరిని కాపాడుతున్నట్టు? నిజంగా మండే ద్రావకాన్ని కూడా అదే దాపరికంతో పంపేవాళ్లుంటారు కదా.

1874లో బెర్న్ నగరంలో కొన్ని దేశాలు కూర్చుని, ఉత్తరాలకు ప్రపంచమంతా ఒకే ఊరులా ఉండాలని ఒప్పందం చేసుకున్నాయి. అదే ఇప్పటి విశ్వ తపాలా సంఘం. మన దేశం 1876లో చేరింది. ఆ ఒప్పందం పుట్టిందే సిరాతో రాసిన కాగితాల కోసం. కాగితం మీద ఆరిపోయిన సిరాకు నూటయాభై ఏళ్లుగా అడ్డులేదు, సీసాలో తడిగా ఉన్న అదే సిరాకు దారి లేదు.

రాజమండ్రివాళ్లకు ఇది ఇంకా లోతుగా తగలాలి. రత్నం గారు అక్కడ చేసిన స్వదేశీ పెన్ను గాంధీజీ అనుచరుడు కుమారప్ప గారి ద్వారా గాంధీజీకి చేరింది. దానితో రాస్తున్నానని, బాగుందని 1935లో వార్ధా నుంచి ఆయన ఉత్తరం రాశారు. అంతకు ముందటి ఏడే బెంగాల్‌లో మైత్రా సోదరులు సులేఖ సిరాను మొదలుపెట్టారు. పెన్నూ సిరా రెండూ మనవే కావాలని ఆ తరం పట్టుబట్టింది. సులేఖ 1980ల చివర మూతపడింది, మళ్లీ లేచి, 2020 తర్వాత కొత్త సీసాలతో అంగట్లోకి వచ్చింది. కేరళలో చిన్నగా మొదలైన కృష్ణ సిరాల పేరు ఈ రోజు విదేశాల్లో పెన్నులు ప్రేమించేవాళ్లకు తెలుసు. రాజమండ్రి పెన్ను ఏ దేశానికైనా వెళ్తుంది. దాన్ని రాయించే సిరా పంపాలంటే మాత్రం చిన్న తయారీదారుకు నాకు ఎదురైన కౌంటరే ఎదురవుతుంది. నాకది పిన్ని కోరిక, అతనికది జీవనం.

నేను అడిగేది పెద్దదేం కాదు. నీళ్లతో చేసిన రాత సిరా, ఇన్ని మిల్లీలీటర్లలోపు, ఇన్ని పొరలు కట్టి, ఈ పత్రం జతచేస్తే తీసుకుంటాం అని ఒక్క పేజీ. అది ప్రతి కౌంటరు గోడ మీదా, తెలుగులో కూడా ఉండాలి. ఏ దేశం తీసుకోదో అందులోనే రాయాలి. తీసుకోనప్పుడు ఏ నియమం కింద తీసుకోలేదో చీటీ మీద రాసివ్వాలి. పార్సిల్ ఒప్పుకున్నాక దారిలో తిప్పి పంపితే ఛార్జీ వెనక్కివ్వాలి. మెరుగైన సర్దుబాటు ఎవరి దగ్గరైనా ఉంటే అదే చేయండి. కౌంటరుకో మాట మాత్రం వద్దు.

పిన్ని మధ్యలో ఒక ఉపాయం చెప్పింది. "మా చిన్నప్పుడు సిరా బిళ్లలు నానబెట్టుకునేవాళ్లం రా. అవైతే ద్రవం కాదుగా!" పాత పుస్తకాల దుకాణాలన్నీ తిరిగాను. దొరకలేదు. ఒక ముసలాయన మాత్రం బిళ్ల అనగానే వేళ్లు చూసుకుని నవ్వారు.

ఉగాది వెళ్లాక మా వీధిలో ఒకమ్మాయి మినియాపొలిస్ తిరిగి వెళ్తోంది. సీసాలు రెండూ చేతి సంచిలో పెట్టుకుంటానంది. మూతల చుట్టూ కొత్త టేపు వేసి ఉంచాను. నిన్న పిన్ని ఉత్తరం వచ్చింది. మొదటి పేజీ నీలంగానే ఉంది. రెండో పేజీలో నీళ్లు కలిపినట్టుంది, అక్షరాలు బూడిదరంగులోకి వెలిసిపోయాయి. మూడో పేజీ బాల్‌పెన్నుతో రాసింది.