అంటు మొక్కలకు మంచు తుంపర: అమర్చుకోవాలా, కొనుక్కోవాలా?

వజ్రపుకొత్తూరు దగ్గరి ఒక గ్రామం నుండి సహోదరి ఒకరు మాకు ఉత్తరం రాశారు. ఇంటి వెనుక షేడ్ నెట్ వేసి 500 జీడి అంట్లు పెంచుతున్నారట. ఎండలు ముదరకముందే మంచు తుంపర పెట్టాలని వారి ఆలోచన. "రెడీమేడ్ సెట్టు కొనమంటారా? మా వారు విడి సామాను తెచ్చి తామే అమరుస్తానంటున్నారు, ఒప్పుకోమంటారా?" అని అడిగారు. ఉత్తరం చివర ఇంకొక మాట కూడా ఉంది. దానికి తర్వాత వస్తాము.

ఈ ప్రశ్నకు పుస్తకాలు తిరగవేయనక్కరలేదు. రెండు విధాలుగానూ నష్టపోయిన వాళ్లము గనుక మేమే చెప్పగలము.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారి చూస్తే మా తోటలో నిలబడిన జీడి చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. కొబ్బరి సంగతి చెప్పనే అక్కరలేదు. ఉద్దానంలో ఆ ఏడు ఎవరిని కదిపినా ఇదే కథ. ఏడున్నర మీటర్ల ఎడంలో మళ్లీ తోట వేయాలంటే ఎకరానికి 70 మొక్కలు కావాలి. అందరికీ ఒక్కసారే మొక్కలు అవసరమయ్యాయి. మనమే అంట్లు కట్టించుకుందాము, మిగిలినవి ఇరుగు పొరుగుకు ఇద్దాము అనుకుని 2019 ఫిబ్రవరిలో 600 సంచులు పెట్టాము.

మొదటి ఏర్పాటు మా చేతిదే. డాబా మీద డ్రమ్ము, దానికొక ప్లాస్టిక్ గొట్టం, గొట్టానికి సూదితో పొడిచిన బెజ్జాలు. వెయ్యి రూపాయలు కూడా కాలేదని ఎంతో సంబరపడ్డాము. తీరా చూస్తే వచ్చింది మంచు కాదు, చినుకులు. పది మీటర్ల ఎత్తు నుండి దిగే నీటికి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి ఉంటుంది. మా డ్రమ్ము ఉన్నది పది అడుగుల ఎత్తున. అంటే కిలోలో మూడో వంతు కూడా లేదు. నాజిల్ నుండి నీరు పొగలా చెదరడానికి సుమారు నాలుగు కిలోలు కావాలి. రెండు కొబ్బరి చెట్లు ఒకదాని మీద ఒకటి నిలిపినంత ఎత్తున డ్రమ్ము పెట్టాలన్నమాట! ఈ లెక్క తెలియక రోజంతా నీరు కారనిచ్చాము. సంచుల్లో మట్టి బురదయింది, మొదళ్లు కుళ్లాయి, 200 అంట్లు పోయాయి. దాదాపు మూడెకరాల తోట. ఆ సంచులు బోర్లించి పారబోసిన రోజు ఇంట్లో ఎవరమూ సరిగా భోంచేయలేదు.

మరుసటి ఏడు పంతం పట్టి 2020 జనవరిలో పట్నం వెళ్లి రెడీమేడ్ సెట్టు కొన్నాము. మోటారు, టైమరు, ఇత్తడి నాజిళ్లు, అన్నీ ఒకే పెట్టెలో. నిజంగా మంచే కురిసింది. పిల్లలు దాని కింద నుండి కదలలేదు. నెల తిరగకుండానే నాజిళ్లు ఒక్కొక్కటిగా మూగబోయాయి. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. నాజిల్ రంధ్రమేమో మిల్లీమీటరులో మూడో వంతు. పెట్టెలో ఫిల్టరు ఇవ్వలేదు, నీళ్లెలాంటివని అమ్మినవారు అడగలేదు, మేమూ చెప్పలేదు. మార్చి నెలాఖరుకు లాక్‌డౌన్ వచ్చి పడింది. ఆ నాజిళ్లు ఆ దుకాణంలో తప్ప దొరకవు, దుకాణానికి తాళం. నిమ్మరసంలో రాత్రంతా నానబెట్టి, మెత్తని బ్రష్షుతో తోమి సగం నాజిళ్లను బతికించుకున్నాము. తొందరపడి సూదితో పొడిచిన వాటికి రంధ్రం పెద్దదై మళ్లీ చినుకులే.

ఇప్పుడు మా దగ్గర పనిచేస్తున్నది మూడోది. అందుకే సహోదరికి మా సలహా: మీ వారిని అమర్చనివ్వండి, కానీ అన్నీ ఇంట్లో తయారు చేయనివ్వకండి. డ్రిప్పు సామాను అమ్మే చోట నాలుగు మూతుల ఫాగర్లు విడిగా దొరుకుతాయి. ఆపిన తర్వాత చుక్క కారకుండా ఉండే చిన్న వాల్వు ఉన్నవే అడగండి. మొక్కలను కుళ్లబెట్టేది ఆ చుక్కలే. ఫిల్టరు, టైమరు కూడా కొనవలసినవే. పందిరి, గొట్టాలు, అతుకులు మీరే చేసుకోవచ్చు. మోటారుకు మాత్రం ఒక ఉపాయం ఉంది. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయరులో ఉండే 12 వోల్టుల చిన్న పంపు నాలుగైదు కిలోల ఒత్తిడి ఇస్తుంది. కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుంది. మన వైపు కరెంటు సంగతి తెలిసిందే కదా!

పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు పందిరికి మేము ఆరు ఫాగర్లు పెట్టాము. ఒక్కొక్కటి గంటకు 30 లీటర్ల చొప్పున ఆరూ ఆగకుండా నడిస్తే 180 లీటర్లు. టైమరుతో పది నిమిషాలకు ఒకసారి అర నిమిషం చొప్పున నడిపితే తొమ్మిది లీటర్లే. మంచినీళ్లకు ఇంత కష్టపడిన ఉద్దానంలో ఈ తేడా చిన్నది కాదు.

అయితే అంట్లు కట్టడానికి వచ్చిన పెద్దాయన మా యంత్రాలన్నీ చూసి నవ్వాడు. "ఏటి బావూ, పదిహేను రోజులు ఈ ఐసు సంచి సాలదేటి?" అన్నాడు. అంటు కట్టిన పుల్ల మీద ఆయన తొడిగేది పుల్ల ఐసు పోసే సన్నని పాలిథిన్ గొట్టం. లోపల తడిచేసి తొడిగితే అంటు అతుక్కునేవరకు ఆ తేమ అందులోనే నిలుస్తుంది. మంచు తుంపర అవసరం అంతా ఆ సంచి తీసిన తర్వాత వేసవి గడిపేవరకే. వానాకాలంలో కట్టించుకుంటే ఆ అవసరమూ చాలామటుకు తీరిపోతుంది. కాకపోతే తొలకరికి నాటే మొక్క కావాలనేవారు చలికాలం చివరనే కట్టించాలి, ఎండాకాలం దాటించాలి. 500 అంట్ల సహోదరి పరిస్థితి అదే.

ఇక ఉత్తరం చివరి మాట. వారి మామగారు డయాలిసిస్ చేయించుకుంటున్నారట. నీళ్లు కొలిచి తాగాలి, ఉక్కపోతకు విలవిలలాడుతున్నారు. అదే తుంపర వరండాలో పెట్టవచ్చునా అని అడిగారు. మన ఉద్దానంలో ఇటువంటి ఇళ్లు ఎన్నో గనుక అందరికోసమూ రాస్తున్నాము. తుంపర చల్లబరచేది నీరు ఆవిరైనప్పుడే. సముద్రపు గాలిలో ముందే తేమ నిండి ఉంటే నీరు ఆవిరి కాదు, ఒళ్లు జిడ్డవుతుంది. కొనకముందు ఒక పరీక్ష చేయండి. గోడకు తగిలించే థర్మామీటరు కొనకు తడిగుడ్డ చుట్టి ఫ్యాను గాలికి ఉంచండి. పావుగంటలో అంకె మూడు నాలుగు డిగ్రీలే దిగితే వరండాలో తుంపర వృథా. టెక్కలి వైపు పడమటి గాలి వీచే మధ్యాహ్నాలలో ఎక్కువే దిగవచ్చు.

నిలవ నీటి తుంపర పీల్చడం కూడా మంచిది కాదు. 1989లో అమెరికాలోని బోగలూసా పట్టణంలో కూరగాయలు వాడకుండా ఒక దుకాణంలో పెట్టిన మంచు యంత్రం వల్ల 30 మందికి పైగా న్యుమోనియా పాలై ఆసుపత్రిలో చేరారు. అది కొన్న యంత్రమే. నర్సరీ గొట్టంలో మిగిలిన నీళ్లను మేము రోజూ సాయంత్రం ఖాళీ చేస్తాము. మామగారికి మాత్రం నీడ, ఫ్యాను, మెడ మీద మార్చి మార్చి వేసే తడి తువ్వాలు చాలును. ఇంకేమైనా చేయాలంటే డయాలిసిస్ చూసే డాక్టరుగారిని అడిగే చేయండి.