లింగాల ఘనపూర్ 32 బైట్లలో పట్టదు! మన పేర్లతో టెస్ట్ చేయని స్ట్రింగ్ కాపీ సేఫ్ కాదు

మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి మీ ఊరి పేరు తెలుగులో పెట్టి చూశారా? జనగామ జిల్లా లింగాల ఘనపూర్ వాళ్లయితే ఇబ్బంది పడతారు. వైఫై స్టాండర్డ్ ప్రకారం నెట్‌వర్క్ పేరు 32 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఈ పేరుకి స్పేస్‌తో కలిపి 15 బైట్లు చాలు. తెలుగులో మాత్రం 37 కావాలి.

లెక్క సింపుల్. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకీ 3 బైట్లు. అచ్చు, హల్లు, గుడి, సున్న, దీర్ఘం, పొల్లు అన్నీ విడివిడి గుర్తులే. ‘లింగాల’లో 6, ‘ఘనపూర్’లో 6, మొత్తం 36 బైట్లు. మధ్యలో స్పేస్ 1. చూసుకోకుండా 32 దగ్గర కోసేస్తే ‘లింగాల ఘనపూ’ వరకు 31 బైట్లు వస్తాయి. 32వ బైట్ ‘ర’లో మూడో వంతు. అది అక్షరం కాదు, చెత్త.

ఇంత చిన్న విషయానికి ఒక ఆర్టికల్ అవసరమా అంటారా? అవసరమే. కెమెరా, బ్యాటరీ, రీఫ్రెష్ రేట్ గురించి గంటలకొద్దీ కొట్టుకుంటాం. ఒక పేరుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఫోన్ ఎలా కాపీ చేస్తుందో మాత్రం అడగం. ఫోన్ సెక్యూరిటీలో పెద్ద పెద్ద కన్నాలు చాలాసార్లు పడింది ఇక్కడే.

పాత పాపం

1988 నవంబర్‌లో మోరిస్ వార్మ్ ఇంటర్నెట్‌ని కుదిపేసింది. అది వాడుకున్న దారుల్లో ఒకటి 512 బైట్ల బఫర్. వచ్చే డేటా సైజు ఎంతో ఆ ప్రోగ్రామ్ చూసుకోలేదు. వార్మ్ 536 బైట్లు పంపింది, ఎక్కువైన బైట్లు పక్క మెమరీ మీద పడ్డాయి.

సీ లాంగ్వేజ్‌లోని స్టర్‌కాపీ కూడా అంతే, సున్నా బైట్ కనిపించేదాకా రాసుకుంటూ పోతుంది. స్టర్-ఎన్-కాపీకి సైజు ఇవ్వొచ్చు కానీ సోర్స్ అంతకంటే పెద్దదైతే చివర సున్నా పెట్టదు. 1998లో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు స్టర్-ఎల్-కాపీ తెచ్చారు. సున్నా పెడుతుంది, కానీ సోర్స్ మొత్తం పొడవు చెప్పడానికి దాన్ని చివరిదాకా చదువుతుంది. సోర్స్‌కి చివర సున్నా లేకపోతే మళ్లీ గోతిలోకే. అందుకే లైనక్స్ కెర్నల్ 2015లో స్టర్-ఎస్-కాపీ తెచ్చుకుంది, 2024లో 6.8 వెర్షన్‌తో స్టర్-ఎల్-కాపీని పూర్తిగా తీసేసింది. ఒక్క కాపీ ఫంక్షన్ సరిగ్గా కుదరడానికి ఇన్నేళ్లు!

అసెంబ్లీలో ఒక్కసారైనా రాయండి

‘ఇప్పుడు రస్ట్, కోట్లిన్ ఉన్నాయిగా, అసెంబ్లీ ఎందుకు బ్రో?’ అంటారు. మంచి ప్రశ్నే. కొత్త యాప్‌లు వాటిలోనే రాయండి, నేను వద్దనను. కానీ వాటన్నిటి కింద సీ లైబ్రరీ ఉంది. ఆండ్రాయిడ్‌లో దాని పేరు బయోనిక్. 64 బిట్ ఆర్మ్ ఫోన్లలో అందులోని చాలా స్ట్రింగ్ ఫంక్షన్లు అసెంబ్లీలోనే ఉంటాయి. పైన ఎంత సేఫ్ లాంగ్వేజ్ ఉన్నా కింద ఎవరో ఒకరు ఈ లెక్క తప్పకుండా వేయాల్సిందే.

దీనికి ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు. ఫోన్‌లో టెర్మక్స్, అందులో క్లాంగ్ వేసుకుంటే చాలు. మూడు రిజిస్టర్లు తీసుకోండి: ఎక్కడికి, ఎక్కడి నుంచి, ఎన్ని బైట్లు.

మొదట సైజు సున్నానా అని చూడండి. సున్నా అయితే ఏమీ రాయకుండా ఫెయిల్ అని చెప్పి తిరిగి వెళ్లిపోండి. ఇది మర్చిపోయి ‘చివరి సున్నాకి ఒకటి తీసేద్దాం’ అనుకున్నారో, 0లోంచి 1 పోతే 64 బిట్ల రిజిస్టర్‌లో మైనస్ 1 కాదు, 18,446,744,073,709,551,615 కూర్చుంటుంది. ఇక ఆ లూప్‌ని ఎవరూ ఆపలేరు.

సైజు సున్నా కాకపోతేనే ఒకటి తీసేసి లూప్ మొదలుపెట్టండి. ముందు మిగిలిన చోటు చూడాలి, తర్వాతే బైట్ చదవాలి. అది సున్నా అయితే సున్నా రాసి, ఎన్ని బైట్లు కాపీ అయ్యాయో చెప్పి ముగించాలి. కాకపోతే రాసి, ఒకటి తగ్గించి, మళ్లీ పైకి.

చోటు అయిపోతే ఎక్కువమంది అక్కడే సున్నా పెట్టేసి లేచిపోతారు. మనం ఇంకో అడుగు వేయాలి. సోర్స్‌లో తర్వాతి బైట్ చూడండి. సున్నా అయితే పేరు సరిగ్గా పట్టింది, సంతోషం. కాకపోతే దాని పై రెండు బిట్లు చూడండి. 10 అయితే మనం ఒక అక్షరం మధ్యలో ఆగామని అర్థం. 10 కాని బైట్ వచ్చేదాకా, లేదా మొదటికి చేరేదాకా వెనక్కి జరగండి. అక్కడ సున్నా పెట్టి, ‘పూర్తిగా పట్టలేదు’ అని మైనస్ 1 తిరిగివ్వండి.

అంతే, ఇరవై, ముప్పై లైన్ల పని. లైబ్రరీలు ఒకేసారి 8, 16 బైట్లు లాగే ట్రిక్కులు వాడతాయి. ఆ స్పీడ్ తర్వాత చూసుకోవచ్చు, ముందు లెక్క కరెక్ట్‌గా రావాలి.

చప్పుడు లేని తప్పు

ఆ మైనస్ 1 ఎందుకంత ముఖ్యం? 20 బైట్ల బఫర్ అనుకోండి. చివరి సున్నాకి ఒకటి పోతే 19 మిగులుతాయి. అందులో ‘లింగాల’, దాని పక్కన స్పేస్ నీట్‌గా పడతాయి. అక్షరం విరగలేదు, యాప్ క్రాష్ అవ్వలేదు, మెమరీ పాడవలేదు. కానీ లింగాల అనే మండలం నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది, కడప జిల్లాలోనూ ఉంది! జనగామ వాడి అడ్రస్ చప్పుడు లేకుండా ఇంకో జిల్లాకి మారిపోయింది. బఫర్ దాటకపోవడం ఒక్కటే సేఫ్టీ కాదు. కోసినప్పుడు కోశానని చెప్పడం కూడా సేఫ్టీనే.

మన అసెంబ్లీ లూప్‌కీ ఒక హద్దుంది. 36 బైట్ల బఫర్ ఇస్తే ‘లింగాల ఘనపూర’ వస్తుంది, పొల్లు ఎగిరిపోతుంది. బైట్ల లెక్కలో తప్పు లేదు, చదివితే తప్పు. అలాంటివి పై లేయర్ చూసుకోవాలి. కానీ ‘పట్టలేదు’ అని కింద నుంచి కబురు వస్తేనే కదా అది చూసుకునేది.

జ్ఞా గుర్తుందా?

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లలో యాప్‌లని క్రాష్ చేసింది. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక జీరో విడ్త్ నాన్ జాయినర్, దీర్ఘం. ఐదు గుర్తులు, యూటీఎఫ్-8లో 15 బైట్లు. ఫిబ్రవరి 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. మెమరీ కరప్షన్ సమస్య అనీ, ఇన్‌పుట్ వాలిడేషన్ మెరుగుపరిచి సరిచేశామనీ తన సెక్యూరిటీ నోట్‌లో రాసింది. అది అక్షరాలని తెర మీద గీసే భాగంలో వచ్చిన బగ్, స్ట్రింగ్ కాపీ బగ్ కాదు. కానీ పాఠం ఒక్కటే: వచ్చిన స్ట్రింగ్‌ని చెక్ చేయకుండా నమ్మకూడదు.

అప్పట్లో మీమ్స్ వేసుకుని నవ్వుకున్నాం. నాకైతే ఇంకో ఆలోచన వచ్చింది. ఆ బగ్ రిలీజ్‌కి ముందే దొరకాలంటే తెలుగు స్ట్రింగులతో టెస్ట్ చేసేవాళ్లు ఉండాలి. ఆ పని మనకంటే బాగా ఎవరు చేస్తారు?

ఇప్పుడు హార్డ్‌వేర్ కూడా కాపలా కాస్తోంది. 2023లో వచ్చిన పిక్సెల్ 8లో ఆర్మ్ మెమరీ ట్యాగింగ్ ఉంది. 2025లో ఐఫోన్ 17తో యాపిల్ కూడా ఆ దారి పట్టింది. మంచిదే, కొనేటప్పుడు ఈ ఫీచర్ గురించి కూడా అడగండి. కానీ ట్యాగింగ్ పట్టుకునేది మెమరీ తప్పుల్నే. జనగామ ‘లింగాల’ నాగర్‌కర్నూల్‌కి పోతే అది ఆపదు.

కాబట్టి ఈ ఆదివారం టెర్మక్స్ తెరిచి ఆ లూప్ రాయండి. ఇంగ్లిష్‌లో హలో వరల్డ్ ఇచ్చి చేతులు దులుపుకోవద్దు. లింగాల ఘనపూర్ ఇవ్వండి, సైజు 0 నుంచి 38 దాకా ఒక్కోటీ మార్చి చూడండి. 38 దగ్గర మాత్రమే పూర్తి పేరు రావాలి. మిగతా ప్రతిసారీ మైనస్ 1 రావాలి, ఎక్కడా విరిగిన అక్షరం కనిపించకూడదు. తర్వాత మీ ఊరి పేరు, మీ ఇంటి పేరు. అప్పుడే ఆ కోడ్‌ని సేఫ్ అనండి.