ధర మారలేదంటారు, తూకం సంగతేమిటి?



కారఖానాలో సేఠ్ మీటరుకు పది పైసలు రేటు తగ్గిస్తానంటే మనం ఒప్పుకోం. మగ్గాలు ఆపి గేటు దగ్గర నిలబడతాం. రేటు ముట్టుకోకుండా అంగుళానికి పిక్కులు పెంచినా మనకు తెలిసిపోతుంది. అదే కూలికి ఎక్కువ నేత నేయించుకుంటున్నాడని మొదటి రోజే అడుగుతాం. అదే పని కిరాణా దుకాణంలో జరుగుతుంటే మాత్రం మనలో చాలామంది చూడటం లేదు. పది రూపాయల బిస్కెట్టు పొట్లం ఏళ్ల తరబడి పది రూపాయలే. లోపలి గ్రాములే తగ్గుతూ వచ్చాయి. సబ్బు బిళ్ల నడుము సన్నబడింది. చిప్స్ పొట్లంలో సరుకు కన్నా గాలి ఎక్కువ. ధర పెరగలేదని మనం సంతోషిస్తున్నాం. నిజానికి ధర పెరిగింది, ఆ మేరకు మన పగారు తగ్గింది. ఇది నోటీసు ఇవ్వకుండా చేసే జీతం కోత అని నా అభిప్రాయం.

ఒక చిన్న లెక్క చూడండి. రూ. 10కి 100 గ్రాములు వచ్చే పొట్లంలో 80 గ్రాములే పెట్టారనుకోండి. తగ్గింది 20 గ్రాములు కనుక ధర నూటికి 20 పెరిగిందని అనుకుంటాం. అది తప్పు. పాత 100 గ్రాములు ఇంటికి తేవాలంటే ఇప్పుడు రూ. 12.50 కావాలి. పెరిగింది నూటికి 25. పొట్లం మీద 10 కొట్టేసి 12.50 అని అచ్చువేస్తే మన ఆడవాళ్లు దుకాణంలోనే నిలదీసేవారు. గ్రాములు తగ్గిస్తే అడిగేవారు లేరు. కంపెనీవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

మన తాతల కాలంలో ఊరికొక శేరు ఉండేది. ఒకచోట 80 తులాలు, మరోచోట ఇంకొకటి. ఆ గందరగోళంలో బాగుపడింది షావుకారు, నష్టపోయింది కూలివాడు. అందుకే 1956లో తూనికలు కొలతల చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి అంచెలంచెలుగా కిలో, లీటరు అమలులోకి తెచ్చారు. 1977లో పొట్లం సరుకులకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. టీ, బిస్కెట్లు, వంటనూనె, సబ్బు వంటి నిత్యావసరాలను ఏయే పరిమాణాల్లో కట్టాలో ఒక జాబితా వేశారు. 2011 నాటి కొత్త నిబంధనల్లోనూ అలాంటి జాబితా ఉండేది. గుండ్రటి అంకెలు కనుక పెద్ద చదువు లేని తల్లి కూడా రెండు పొట్లాలు పక్కపక్కన పెట్టి ఏది చవకో చెప్పగలిగేది. అప్పుడు మోసం లేదని నేననడం లేదు. పోల్చుకోవడానికి ఒక ఆధారం ఉండేది.

2021 నవంబరులో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు సవరించి ఆ జాబితాను ఎత్తివేసింది. ఇప్పుడు 870 గ్రాములైనా, 435 గ్రాములైనా కంపెనీ ఇష్టం. ఊరికొక శేరు పోయి కంపెనీకొక శేరు వచ్చింది. దానికి బదులుగా పొట్లం మీద యూనిట్ ధర వేయాలన్నారు. మంచిదే, కానీ అది వేసే తీరు చూడండి. కిలోకు తక్కువ ఉన్న పొట్లం మీద గ్రాము ధర, కిలో దాటిన పొట్లం మీద కిలో ధర. ఒక సబ్బుపొడి పొట్లం 900 గ్రాములు, మీద 'గ్రాముకు రూ. 0.12' అని ఉందనుకోండి. పక్కన ఒకటిన్నర కిలో పొట్లం, మీద 'కిలోకు రూ. 118' అని ఉంది. ఏది చవక? గ్రాము ధర రెండు దశాంశాలకు సవరిస్తారు కనుక 0.12 అంటే కిలో రూ. 115 కావచ్చు, రూ. 124 దాటి కూడా కావచ్చు. కిలోకు దాదాపు పది రూపాయల తేడా ఆ చిన్న అంకెలో దాగిపోతుంది. లెక్కల మాస్టరు కూడా దాన్ని చూసి జవాబు చెప్పలేడు.

నూనె సంగతి ఇంకా చిత్రం. నూనె లీటరు అంటే కిలో కాదు, సుమారు 910 గ్రాములు. ఒకరు లీటరు ప్యాకెట్ అమ్ముతారు, ఇంకొకరు 850 గ్రాములది అమ్ముతారు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. 850 గ్రాములది రూ. 136, లీటరుది రూ. 142 అయితే చేయి మొదటిదాని మీదికే పోతుంది. కానీ కిలో లెక్కన మొదటిది రూ. 160, రెండోది రూ. 156. చవక అనుకున్నదే ప్రియం. పైగా నూనె వేడెక్కితే ఉబ్బుతుంది. సోయా నూనె లీటరు 21 డిగ్రీల వేడిలో 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 893 గ్రాములే తూగుతుంది. కొందరు ప్యాకెట్ మీద 60 డిగ్రీలు అని వేసి తక్కువ నూనె నింపుతూ వచ్చారు. ఎండాకాలపు షోలాపూర్‌లో కూడా ఏ ఇంట్లోనూ నూనె డబ్బా 60 డిగ్రీల్లో ఉండదు. ఉష్ణోగ్రత వేయకుండా పరిమాణాన్ని, బరువును సరిగా చెప్పమని 2022 ఆగస్టులో వినియోగదారుల వ్యవహారాల శాఖ చెప్పవలసి వచ్చింది.

పన్ను కూడా పొట్లాన్ని మారుస్తుంది. 2022 జులై 18 నుంచి పొట్లం కట్టి లేబులు వేసిన బియ్యం, పప్పు, పిండి మీద 25 కిలోల దాకా 5 శాతం జీఎస్టీ వేశారు. వెంటనే బజారులోకి 26 కిలోల బియ్యం బస్తాలు దిగాయి. ఒక్కసారిగా 26 కిలోలు కొనగలిగినవాడికి పన్ను లేదు. వారం పగారు మీద 5 కిలోలు కొనుక్కునే మనకు ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, టూత్‌పేస్టు, తలనూనె, షాంపూల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. ఆ మేలు మనకు చేరాలంటే ధర తగ్గాలి, లేదా పాత 100 గ్రాముల ధరకే 112 గ్రాములు రావాలి. వచ్చాయో లేదో మీ ఇంట్లో సబ్బు అట్ట తిప్పి చూశారా?

కంపెనీవాళ్లకు ఒక జవాబు ఉంది. ముడిసరుకు ధర పెరిగింది, పది రూపాయల పొట్లాన్ని పన్నెండు చేస్తే పేదవాడు కొనలేడు, అందుకే తూకం తగ్గించామంటారు. ఇందులో కొంత నిజముంది. చిన్న పొట్లాలు లేకపోతే వారం పగారు ఇల్లు నడవదు. షాంపూలో చాలాసార్లు సీసా కన్నా రూపాయి పొట్లాలే చవక పడతాయి కూడా. నేను చిన్న పొట్లాన్ని తప్పుపట్టడం లేదు, చెప్పకుండా తగ్గించడాన్ని తప్పుపడుతున్నాను. తగ్గించినప్పుడు ముందు వైపు పెద్ద అక్షరాలతో చెప్పడానికి అభ్యంతరమేమిటి? ఫ్రాన్సులో 2024 జులై 1 నుంచి, తూకం తగ్గించి అమ్మే సరుకు దగ్గర పెద్ద దుకాణాలు రెండు నెలల పాటు బోర్డు పెట్టాలని నియమం చేశారు. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు కాదు?

యూనియన్‌కు దీనితో ఏం పని అని కొందరు అడగవచ్చు. కరువు భత్యం ధరల సూచిక మీద ఆధారపడుతుంది. ఆ సూచికకు ధరలు సేకరించే కేంద్రాల్లో షోలాపూర్ కూడా ఒకటి. పొట్లం ధర ఒక్కటే రాసుకుని గ్రాములు వదిలేస్తే సూచిక కదలదు, భత్యం పెరగదు. కాబట్టి ధరతో పాటు తూకం కూడా లెక్కలోకి వస్తున్నదా అని అడగడం మన హక్కు. ఇక మీటరు లెక్కన పనిచేసే పవర్‌లూమ్ కార్మికుడికి, వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకునే మన ఆడపడుచుకు ఎంతమందికి కరువు భత్యం చేతికందుతున్నది? వాళ్ల నష్టం నేరుగా వంటింట్లోనే పడుతుంది.

మన కోరికలు ఇవి:

1. నిత్యావసర సరుకులకు నిర్ణీత పరిమాణాల జాబితాను తిరిగి తేవాలి.

2. పొట్లం చిన్నదైనా పెద్దదైనా కిలోకు, లీటరుకు ఎంతో ఒకే తీరున, అసలు ధర ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటే అంత పెద్దగా వేయాలి.

3. తూకం తగ్గిస్తే పాత తూకం, కొత్త తూకం రెండూ ఆరు నెలల పాటు ముందు వైపు అచ్చువేయాలి.

ప్రభుత్వం వినేదాకా మన చేతిలో పని కూడా ఉంది. సరుకు కొనేటప్పుడు ధర కన్నా ముందు గ్రాములు చదవండి. కళ్లు ఆనకపోతే బడికి పోయే పిల్లల చేత చదివించండి. పాత అట్ట ఒకటి దాచిపెట్టి కొత్తదానితో పోల్చండి. రాసిన తూకం కన్నా సరుకు తక్కువ ఉంటే బిల్లుతో సహా వైధ మాపన శాస్త్ర కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వండి, లేదా 1915 నంబరుకు ఫోన్ చేయండి. తూకం తగ్గిన పొట్లాల అట్టలు యూనియన్ ఆఫీసుకు తెచ్చివ్వండి. మన అర్జీకి అవే సాక్ష్యం. నూలు పట్టుకుని నంబరు చెప్పగల చేతులు మనవి. సబ్బు బిళ్ల తూకం మనకు తెలియకుండా పోవడానికి వీల్లేదు.

మీ
కార్యదర్శి